నిండకుండ కదిలిన ఆటో

పదిమంది నిండితేగాని సిద్దప్ప ఆటో ఝరాసంగం స్టాండు వదలదు. ఇరవై ఏండ్ల సంది అదే పద్ధతి. పెండ్లి ముహూర్తం దాటిపోతున్నదని మొత్తుకున్నా సరే, పదో మనిషి కాలు లోపల పెట్టాల్సిందే. సొంత బిడ్డనే లెక్కచెయ్యలే. నందిని పొద్దున ఆట నేర్చుకోను జహీరాబాద్ పోవాలంటే, బ్యాగు ఒళ్లో పెట్టుకొని వెనక సీటు మూలకు కూసునేది. గంటకు గంట. ఆమె పోయేసరికి అక్కడ ప్రాక్టీసు సగం అయిపోయేది. ఒక్కనాడు కూడా "పోదాం నాయినా" అనలే. రోడ్డు దిక్కు చూసుకుంట కూసునేది, అంతే.

ఆ పిల్లే ఇప్పుడు పదిహేడేండ్ల లోపు ఆడపిల్లల ఆసియా ఫుట్‌బాల్ పోటీలకు ఇండియా టీముతోని సముద్రం దాటి పోయింది. రెండో గోల్‌కీపరు. ఆడేది తక్కువ, బెంచి మీద కూసునేది ఎక్కువ. సిద్దప్ప ఆమె ఆట ఎన్నడూ చూడలే. చూడాలంటే ఆటో ఆపాలె గద.

ఆ మధ్యాహ్నం ఫోను మోగింది. జహీరాబాద్‌ల టీవీలు బాగుచేసే రామ్‌కిషన్.

"సిద్దప్పా, మొదటి గోల్‌కీపరుకు వేలు విరిగిందట. ఇయ్యాల మీ నందినిని దించుతున్నరు. మూడింటికి ఆట. నా దుకాణంల పెద్ద టీవీ పెడ్త, జల్ది రా."

టైము రెండున్నర. ఆటోల ఆరుగురే ఉన్నరు. సిద్దప్ప రోడ్డు దిక్కు చూసిండు. ఎవ్వరూ వస్తలేరు. ఇంకోసారి చూసిండు. ఎక్కి బండి స్టార్ట్ చేసిండు.

"ఏమైందిరా?" కందుల మూట పట్టుకొని సంతకు బయల్దేరిన నారమ్మ అడిగింది. "ఇంకా నలుగురు రావాలె గద. పానం మంచిగున్నదా?"

"నా బిడ్డ ఆడుతున్నది అవ్వా. టీవీల చూపిస్తరంట."

"ఎవరు, ఆ లాగులేసుకొని ఉరికే పిల్లనా?"

"ఆ పిల్లనే."

"అయితే జర గట్టిగ తోలు."

దుకాణం ముందర ఆటో ఆగేసరికి జాతీయగీతం నడుస్తున్నది. ఆరుగురూ మూటలతోని లోపలికి జొచ్చిన్రు. సంత మాట ఎవ్వరూ ఎత్తలే. తెర నిండ స్టేడియం. ఝరాసంగం జనం మొత్తం కూసున్నా ఒక మూల నిండదు. వరుసల నిలబడ్డ బిడ్డను గుర్తుపట్టేతందుకు సిద్దప్పకు జర సేపు పట్టింది. ఇంట్ల తల వంచుకొని గిన్నెలు కడిగే పిల్ల, అక్కడ మెడ నిటారుగ పెట్టి నిలబడ్డది.

ఎనభయ్యో నిమిషం దాకా ఎవరికీ గోలు రాలే. అప్పుడు ఎదుటోళ్లకు పెనాల్టీ ఇచ్చిన్రు.

"అంటే ఏంది?" అన్నది నారమ్మ.

"ఇగ మధ్యల అడ్డం ఎవ్వరుండరు. తన్నేటామె, మన నందిని, అంతే," అన్నడు రామ్‌కిషన్. "తన్నేటోళ్లు తన్నినట్టే ఆశ చూపిస్తరు. గోల్‌కీపరు ఆగలేక ముందే ఓ పక్కకు దుంకుతది. అయిపాయె."

ఎదుటి పిల్ల ఉరికొచ్చుకుంట, నడుమల తన్నబోయినట్టు చేసి ఆగింది. నందిని కదల్లే. మళ్లొక దొంగ అడుగు. కదల్లే. సిద్దప్పకు ఆ చూపు ఎరుకే. ఆటో అద్దంల ఎన్నేండ్లు చూసిండో. మూలకు కూసొని రోడ్డు దిక్కు చూసే చూపు.

కాలు బంతికి తగిలినంకనే దుంకింది. గాలిల అడ్డంగ సాగింది మనిషి. వేళ్ల కొసలు తాకి బంతి గోలు కమ్మికి కొట్టుకొని బయటపడ్డది.

నారమ్మ చేతిల కందుల మూట కింద పెట్టింది.

"గంత సేపు ఎట్ల ఆగిందిరా అది?" అన్నది నారమ్మ మెల్లగ.

"ఎక్కడ నేర్చిందంటవ్? ఈయన ఆటోల కూసొనే," రామ్‌కిషన్ నవ్విండు.

సిద్దప్ప నవ్వలేకపోయిండు. ఆట ఇంకా పది నిమిషాలున్నది. బయట ఝరాసంగం పోయేటోళ్లతోని ఆటో నిండింది. పదిమంది. ఎవరో హారన్ కొడుతున్నరు, పేరు పెట్టి పిలుస్తున్నరు.

సిద్దప్ప తల తిప్పలే.