అంచు వేసిన పట్టిక

ఆ రోజుల్లో అంచు లేనిది ఏది చూసినా పని సగంలో వదిలేశారనిపించేది నాకు. గద్వాలలో మగ్గాల చప్పుడు వింటూ పెరిగినదాన్ని మరి. అచ్చంపేటలో ఆరోగ్య శాఖ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా చేరిన కొత్తలో, చుట్టుపక్కల ఏ దవాఖానలో పాముకాటు సూది మందు ఉందో, ఎక్కడ లేదో చూపే పట్టిక తయారుచేయమన్నారు. నేను పట్టిక చేస్తేగా, చీర నేశాను. చుట్టూ మెరూన్ అంచు, లోపలంతా ఆకుపచ్చ గళ్లు, పైన శీర్షికకు జరీ రంగు కొంగు. (ఊరి పేరు ఈ చివర, మందు సంగతి ఆ చివర. మధ్యలో ఎవరూ అడగని వివరాలన్నీ.) మా సారు చూసి, "మంచిగనే ఉన్నది గానీ, దీన్ని చదువుతరా, కట్టుకుంటరా అమ్మా?" అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని మురిసిపోయాను.

ఆ వానాకాలమే మా ఇంటి ఓనరును, నేను పెద్దమ్మ అని పిలిచే ఆమెను, పత్తిచేలో కలుపు తీస్తుండగా పాము కరిచింది. ఆటోలో ఆమె తల నా ఒళ్లో ఉంది, చెయ్యి చూస్తుండగానే వాచిపోతోంది. "ఎటు పోవాలె అక్కా, జల్ది చెప్పు" అన్నాడు ఆటో అతను. ఇంకెవరినో అడగడం దేనికి, ఫోనులో నా పట్టిక ఉండగా. ఒక ఊరి పేరు మీద వేలు పెట్టి అడ్డంగా జరిపాను. ఆ గళ్లలో వేలు కింది వరుసలోకి జారింది. 'ఉంది' అని చదివాను. తీరా వెళ్తే నర్సు, "ఈడ లేదమ్మా, మీరు దాటొచ్చిన ఊర్ల ఉన్నది" అని మేం వచ్చిన దారినే చూపించింది. ఆటోను వెనక్కి తిప్పించాను. నాకు భయంతో ఏడుపు కూడా రాలేదు.

పెద్దమ్మ బతికింది. చూపుడు వేలు మాత్రం తీసేశారు. ఆమె మంచం పక్కనే కూర్చుని అంచు తీసేశాను, గళ్లు తీసేశాను, కొంగు తీసేశాను. ఊరి పేరు, దాన్ని ఆనుకునే 'ఉంది' లేదా 'లేదు'. ఉన్న ఊళ్లన్నీ పైకి తెచ్చాను. చూపిస్తే, "ఏంది బిడ్డా, గింత బోసిగ చేసినవ్?" అంది. "చదువు పెద్దమ్మా" అన్నాను. కట్టు కట్టిన చేత్తోనే, మిగిలిన వేళ్లలో ఒకటి ఆనించి, ఒక్క వరుస కూడా తప్పకుండా చదివింది.

ఇప్పటికీ పట్టిక చేస్తుంటే అంచు వేయాలని చెయ్యి లాగుతుంది. జరీ కొంగు వేసి మురిసిపోయిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ నవ్వు పూర్తికాకముందే పెద్దమ్మ చెయ్యి గుర్తొస్తుంది.