నిండు నిమిషం

మధ్యాహ్నం కరెంటు పోయి, తల మీద ఫ్యాను నెమ్మదించి ఆగిపోగానే ఇంట్లో నాకు మొదట వినిపించేది పక్కన నిద్రపోతున్న మా ఆయన ఊపిరి. ఇంకెవరికైనా వీధిలో కూరగాయల బండి అరుపో, దోమల రొదో వినబడుతుందేమో. నాకు మాత్రం లోపలికి పోయి, కాసేపు ఆగి, బయటికి వచ్చే ఆ గాలి చప్పుడే. చెయ్యి దానంతటదే వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకుంటుంది. కళ్ళు ఛాతీ మీదికి పోతాయి. ఒకటి, రెండు, మూడు. ఉద్యోగం వదిలి ఎన్నో ఏళ్ళయినా ఈ అలవాటు పోలేదు. దీన్ని నాకు అంటించింది అలివేలు సిస్టర్.

డెబ్బైల చివర్లో చిత్తూరు వైపు ఒక ఆసుపత్రిలో నేను నర్సు శిక్షణలో ఉన్నాను. ఆసుపత్రి పేరు ఇప్పుడు వద్దు. ఆడవాళ్ళ వార్డుకు ఆమె పెద్ద. పొట్టి మనిషి, తెల్లచీర, రవికకు పిన్నుతో తగిలించిన గడియారం, చప్పుడు లేని నడక. వెనక నిలబడి ఉన్నారని ఆమె నోరు తెరిచేదాకా తెలిసేది కాదు. పూతలపట్టులో పుట్టి పెరిగిన నాకు అరిచే మనుషులంటే భయం లేదు, మా నాయన ఎద్దుల్ని అదిలించే అరుపుకే సగం ఊరు నిద్ర లేచేది. ఎన్నడూ అరవని ఈమె అంటేనే వణుకు.

ఆమె పాఠం చెప్పే పద్ధతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ఒకలా అవుతుంది. వార్డు చివర ఖాళీ మంచం మీద తానే వెల్లకిలా పడుకొని, మెడదాకా దుప్పటి లాక్కొని కళ్ళు మూసుకునేవారు. మేం ఆరుగురం చుట్టూ నిలబడి ఆమె ఊపిరి లెక్కపెట్టాలి. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకోవాలి, చూపు మాత్రం ఛాతీ మీద ఉండాలి. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి తనకు తెలియకుండానే దాన్ని మార్చేస్తాడట. పావు నిమిషం చూసి నాలుగింతలు చేస్తే ఒప్పుకునేవారు కాదు, నిండు నిమిషం చూడాల్సిందే. ఒకరోజు ఆమె చెయ్యి నా చేతిలో ఉండగానే దుప్పటి కదలడం ఆగిపోయింది. లెక్క తప్పానేమో అనుకున్నాను. ముఖం చూస్తే పాలిపోయి, నోరు కాస్త తెరుచుకొని ఉంది. ఎవరో ఏడుపు మొదలుపెట్టేలోపు, ఆమె కళ్ళు తెరవకుండానే మాట్లాడారు.

"నేను ఊపిరి నిలబెట్టి శానాసేపాయ. మీరంతా ఒకరి మొగాలు ఒకరు సూసుకుంటా ఉండారు. నన్ను సూసిండేది ఎవురు?"

కళ్ళు మూసుకున్న మనిషికి మేం ఎటు చూస్తున్నామో ఎలా తెలిసిందని ఆ సాయంత్రమంతా హాస్టల్లో గుసగుసలాడుకున్నాం.

అంత భయపెట్టినా మాకు బుద్ధి రాలేదు. అంత పెద్ద వార్డులో మనిషికొక నిండు నిమిషం ఎక్కడ దొరుకుతుంది? జ్వరం చూసి, నాడి చూసి, ఊపిరి గడిలో ఇరవై అని పడేసేవాళ్ళం. ఇరవై అంటే మామూలు లెక్కే, ఎవరూ ఏమీ అడగరు. మా చార్టులు చూస్తే వార్డులో ఉన్నవాళ్ళంతా కూడబలుక్కొని ఒకేలా ఊపిరి పీలుస్తున్నట్టు ఉండేది.

ఒక ఎండాకాలం పొద్దున ఐరాల వైపు నుంచి రెడ్డెమ్మ అనే ఆమెను తీసుకొచ్చారు. చెరకు తోటల్లో కూలి. తెల్లవారుజాము నుంచి కడుపునొప్పి అని, గొంతు పట్టేసినట్టుందని చెప్పింది. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. డాక్టరు కడుపునొప్పికి సూది వేయించి పడుకోబెట్టమన్నాడు. మధ్యాహ్నానికి ఆమె కనురెప్పలు వాలిపోయాయి. తెల్లవారుజాము నుంచి నొప్పితో నిద్ర ఉండి ఉండదు, పాపం ఇప్పుడు కునుకు పట్టిందనుకున్నాను. రెండు గంటలప్పుడు ఆమె చెయ్యి పట్టుకొని, చార్టు రాస్తున్న నా తోటి శిక్షణ పిల్ల సరోజతో ఆదివారం చూడబోయే సినిమా ముచ్చట్లు చెబుతూ, నాడి తొంభై, ఊపిరి ఇరవై, రాసేయ్ అన్నాను. నాడి నిజంగానే చూశాను. ఇరవై మాత్రం నోటికొచ్చింది.

రెండు మంచాలు దాటామో లేదో, వెనక నుంచి సిస్టర్ మెల్లగా నన్ను పిలిచారు. అప్పటికే ఆమె రెడ్డెమ్మ మణికట్టు పట్టుకొని ఉన్నారు. తన గడియారం నా వైపు తిప్పారు. నేను నిండు నిమిషం నిలబడ్డాను. ఏడు. అవైనా పూర్తి ఊపిరులు కావు, గొంతు దగ్గరే ఆగిపోతున్నాయి. సిస్టర్ రెడ్డెమ్మ కనురెప్పను వేలితో పైకెత్తారు. నిద్రపోతున్న మనిషి కన్ను కాదది. సూటిగా నన్నే చూస్తోంది.

"కట్లపాము. డాక్టర్ని పిల్సుకోని రా, పరిగెత్తు" అన్నారు సిస్టర్.

కట్లపాము కాటు చాలాసార్లు కనబడదు, కాటు దగ్గర నొప్పీ పెద్దగా ఉండదు, కడుపునొప్పితోనే బయటపడుతుంది. మనిషి తెలివి తెలివిగానే ఉంటుంది, ఒళ్ళు మాత్రం రెప్పల నుంచి మొదలుపెట్టి చచ్చుబడుతూ వచ్చి, చివరికి ఊపిరి ఆగిపోతుంది. ఇదంతా నేను తర్వాత నేర్చుకున్నాను. డాక్టరు వచ్చి గొంతులోకి గొట్టం వేసి, విషానికి విరుగుడు ఎక్కించాడు. ఊపిరి మిషను మాకు లేదు, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపాలి. మర్నాటిదాకా వంతులు వేసుకొని నొక్కాం. సిస్టర్ మాత్రం ఆమె చెవి దగ్గర వంగి, బావి దగ్గర కలిసిన మనిషితో మాట్లాడినట్టు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నారు. నిశ్చలంగా, రెప్పలు మూసి ఉన్న ఆ ముఖంతో అలా కబుర్లు చెప్పడం చూస్తే నాకు భయమేసింది. రెడ్డెమ్మ తల్లి తలుపు దగ్గర శోకాలు మొదలుపెడితే, ఆ యమ్మకు అంతా వినబడతా ఉండాది, ఆమె ముందర ఏడవొద్దని చెప్పి బయటికి పంపారు.

మర్నాడు సాయంత్రానికి రెడ్డెమ్మ సొంతంగా ఊపిరి తీసుకుంది, గొట్టం తీశారు. ఇంకో రెండు రోజులకు గొంతు పెగిలింది. నేను గంజి తాగిస్తుంటే నన్ను గుర్తుపట్టి, చాలా మామూలుగా అడిగింది.

"ఆ పొద్దు నా సెయ్యి పట్టుకోని ఇరవై అంటివే, అదేంది పాపా?"

"సెప్పు రత్నా" అని వెనక నుంచి సిస్టర్ గొంతు వినబడింది.

చెప్పాను. అది ఊపిరి లెక్క అని, నేను లెక్కపెట్టకుండానే చెప్పానని. తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. రెడ్డెమ్మ గంజి గ్లాసు పక్కకు నెట్టింది.

"నోరు పెగల్లా, రెప్ప లేయలా. నువ్వు సెయ్యి పట్టుకున్నెంతసేపూ ఊపిరి గట్టిగా లాగినాను పాపా, నీకు తెలవాలని."

సిస్టర్ నాకు వేరే శిక్ష ఏమీ వేయలేదు. నా ఇరవైని మాత్రం కొట్టేయనివ్వలేదు. దాని కిందే ఏడు అని నాచేతే రాయించి, పక్కన నా సంతకం పెట్టించారు.

సిస్టర్ పోయి చాలా కాలమైంది. మా ఆయన ఒక్కోసారి మేలుకొని ఎందుకు చెయ్యి పట్టుకున్నావని అడుగుతారు. నాడి చూస్తున్నానని అబద్ధం చెబుతాను, సిస్టర్ నేర్పినట్టే. తిరుపతి బస్సులో పక్కసీటు ముసలమ్మ కునుకు తీసినా, చెయ్యి పట్టుకోను గానీ లెక్కపెట్టడం మానను. అన్నీ సక్రమంగానే ఉంటాయి, పదహారో, పద్దెనిమిదో. కానీ ఎప్పుడైనా నిద్రలో ఉన్న మనిషి ఉన్నట్టుండి ఒక్క ఊపిరి గట్టిగా లాగితే, నాకు తెలియాలనే లాగారనిపిస్తుంది. అప్పుడు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాను.