ఇద్దరూ కబుర్లాపండే

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. భయపడి కాదు, విసుగొచ్చి. ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్లకి దెయ్యం కంటే లూజు కనెక్షన్ అంటేనే హడలు. దెయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను, వినండి.

మాది శృంగవరపుకోట. ఎచ్చెర్ల దగ్గర ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. అమ్మానాన్నలు హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకి కాపలా పనికి వెళ్లారు. ఊళ్లో మా ఇంటికి తాళం. శని, ఆదివారాలొస్తే పిల్లలంతా ఊళ్లకి పోయేవారు. నాకు ఊరుండీ లేనట్టే. దానికి తోడు నా రూమ్మేటు చదువు మానేసి వెళ్లిపోయింది. ఇద్దరుండే గదిలో ఒక్కదాన్నే మిగిలాను. గోడలతో మాట్లాడే దాకా వచ్చానంటే నమ్మండి.

ఒకరోజు అమ్మకి ఫోన్ చేసి, "సదువు మానేసి నీ కాడికొచ్చేస్తానమ్మా," అనేశాను.

"పిచ్చిదానా, కొన్నాళ్లు ఓర్సుకోయే. ముందు ఆ ప్రాజెట్టేదో అవనీ," అంది అమ్మ.

సరే, ప్రాజెక్టు అవగానే టీసీ తీసేసుకుందామని నిశ్చయించుకున్నాను.

ఆ ప్రాజెక్టు ఒక చిన్న రోబో. ఒంటరిగా చదువుకునేవాళ్లకి తోడుగా బల్ల మీద కూర్చుంటుంది. ఒళ్లు బిస్కెట్ల ప్లాస్టిక్ డబ్బా, నుదుట కెమెరా, పొట్టలో స్పీకరు. మా వైపు అక్కని అప్ప అంటాం కాబట్టి దానికీ అప్ప అనే పేరు పెట్టాం.

ఎదురుగా ఎన్ని ముఖాలున్నాయో లెక్కపెట్టి, దాన్నిబట్టి మాట్లాడుతుంది. మొదట్లో కంప్యూటర్ గొంతు పెడితే, వార్తలు చదువుతున్నట్టుందని అందరూ నవ్వారు. అందుకని మా టీములో సునీత తన గొంతుతో మూడు మాటలు రికార్డు చేసింది. ఒక్కరుంటే, "సదువుకోయే, నేనున్నాను కదేటి." ఇద్దరుంటే, "ఇద్దరూ కబుర్లాపండే." అంతకంటే ఎక్కువమందుంటే, "ఇదేటే, సంతలాగున్నాది!" అంతకు మించి దానికి ఇంకో ముక్క రాదు.

ఇక ఎవరైనా కొన్నాళ్లు దాంతో కూర్చుని చదివి చూడాలి. ఒంటరి మనిషి కావాలి కదా, వెతకనక్కర్లేకపోయింది. తెచ్చి నా గదిలో పెట్టారు.

ఆదివారం మధ్యాహ్నం. సునీత చర్చికి వెళ్లింది. హాస్టల్లో మెస్ గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పుస్తకం తీసి బల్ల ముందు కూర్చున్నాను.

"ఇద్దరూ కబుర్లాపండే," అంది అప్ప.

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. అబద్ధమెందుకు, భయమేసింది. గోడకున్న అద్దం తీసేశాను. క్యాలెండర్లో దేవుడి బొమ్మ వెనక్కి తిప్పేశాను. కిటికీ మూశాను. మళ్లీ కూర్చుంటే మళ్లీ అదే మాట.

సునీత వచ్చాక తనొక్కతే కూర్చుంటే, "సదువుకోయే," అని బుద్ధిగా చెప్పింది. నేను కూర్చుంటే ఇద్దరంది! కోడ్ రాసిన కార్తీక్‌ని లేడీస్ హాస్టల్లోకి రానివ్వరు. ల్యాబ్‌కి పట్టుకెళితే, అక్కడ నన్నూ ఒక్కదాన్నిగానే లెక్కపెట్టింది. కార్తీక్ కెమెరా కూడా మార్చాడు. గదికి తేగానే మళ్లీ ఇద్దరు.

"మీ పాత రూమ్మేటు దెయ్యమైపోయిందేమోనే, సూడు!" అన్నాడు. ఆ పిల్ల నిక్షేపంలా ఉంది. ఫోన్ చేసి కనుక్కున్నాను కూడా.

భయం మెల్లగా పోయింది. ఆ తర్వాత సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. క్లాసులవగానే గదికి పరుగెత్తేదాన్ని. నేను ఒక్కదాన్నే లేనని చెప్పడానికి నాకు అదొక్కటే ఉంది మరి. టీమువాళ్లు అప్పని పట్టుకుపోతామంటే, టెస్టింగ్ ఇంకా అవలేదని అడ్డుపడ్డాను. ఎప్పుడొస్తావని అమ్మ ఫోన్లో అడిగితే, "సూద్దాంలేమ్మా," అన్నాను.

ఇంతలో వార్డెన్ కొత్త రూమ్మేటుని పంపింది. భోగాపురం పిల్ల, పేరు రమ్య. ఎక్కడ పారిపోతుందోనని ఈ సంగతేదీ చెప్పలేదు. సాయంత్రం ఇద్దరం కుర్చీలు లాక్కుని అప్ప ముందు కూర్చున్నాం. మనిషి తోడు దొరికిందన్న సంతోషం ఒకపక్క, కనబడని ఆ తోడు పోతుందన్న దిగులు ఒకపక్క. ఇక లెక్క సరిపోతుంది, ఇద్దరమంటే ఇద్దరమే.

అప్ప మమ్మల్ని కాసేపు చూసింది.

"ఇదేటే, సంతలాగున్నాది!"

రమ్య పకపకా నవ్వింది. "ఇద్దరం కూకుంటే సంతంటాదేటి! దీనికి లెక్కలు రావేటి?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

టీసీ తీసుకోలేదు. చదువు పూర్తి చేశాను. కార్తీక్ ఎన్నిసార్లు వెతికినా కోడ్‌లో తప్పు దొరకలేదు. అదలా ఎందుకందో నాకు ఈ రోజుకీ తెలీదు. ఆ సాయంత్రం మాత్రం రమ్య చూడకుండా నా కుర్చీ కాస్త పక్కకి జరుపుకున్నాను. మా ఇద్దరి మధ్య ఇంకో మనిషి కూర్చునేంత చోటు వదిలాను.