చెమట పట్టని నడక

సహోదరులారా, అక్కచెల్లెళ్లారా, ఈ కర్ర పట్టుకుని లేచి నిలబడటానికి నాకు ఇంతసేపు పట్టింది కదా, అది చూసి మీలో కొందరైనా "ఈ పెద్దాయనకు దేవుడు ఏం విడుదల ఇచ్చాడు, ఇంకా కుంటుతూనే ఉన్నాడు" అనుకునే ఉంటారు! అనుకోండి, తప్పులేదు, నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. నా కాళ్లకు వచ్చిన రోగం ఇప్పటికీ నా కాళ్లలోనే ఉంది. దేవుడు నన్ను విడిపించింది మంచం నుంచి, ఆ మంచం మీద చావు కోసం ఎదురుచూస్తూ పడుకున్న మనసు నుంచి. ఆ సంగతి చెప్పడానికే నిలబడ్డాను.

అప్పటి గోదావరిఖని మీలో చిన్నవాళ్లకు తెలియదు. పెంకుల క్వార్టర్లు, తెల్లవారితే ప్రతి వాకిట్లో బొగ్గు పొయ్యి పొగ, సైరన్ కూస్తే ఊరంతా ఒక్కసారిగా కదలడం, షిఫ్టు దిగి వచ్చేవాళ్ల ముఖాల్లో కళ్లూ పళ్లూ తప్ప ఇంకేమీ కనబడకపోవడం, ఎంత బాగుండేవో ఆ రోజులు! నేను ఫిల్లర్‌ని. బొగ్గుబావిలో తట్ట, చెమ్మస్ పార పట్టి బొగ్గును పట్టాల మీది టబ్బుల్లోకి ఎత్తే పని. మా పని జోడీ పని, ఇద్దరికి ఒక టబ్బు. జోడీకి ఒక కాయిదా ఉండేది, ఎవరూ రాసిపెట్టింది కాదు. రెండోవాడు రాకుండా మొదటివాడు చెమ్మస్ ముట్టడు, ఒకడికి ఆయాసం వస్తే ఇద్దరూ కూర్చుంటారు, లేచేటప్పుడు ఇద్దరూ కలిసే లేస్తారు. నా జోడీ మల్లయ్య, జైపూర్ వైపు పల్లె మనిషి. ఆయన దేవుడు ఆయనకు, నా దేవుడు నాకు, టబ్బు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. వరుస ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్లం. ఆదివారం నేను మన ప్రార్థన గుడిలో కంజీర కొట్టి పాడితే ఆయన బయట బీడీ కాలుస్తూ వినేవాడు.

మొదట నాకు ఒక కన్ను మసకబారింది. బొగ్గు దుమ్ము అనుకున్నాను, కొన్నాళ్లకు అదే సర్దుకుంది. తర్వాత పాదాలు మొద్దుబారాయి. ఒకరోజు దారిలో చెప్పు జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చాను, నా భార్య సారమ్మ నవ్వీ నవ్వీ గుమ్మంలో కూలబడింది, నేనూ నవ్వాను. ఆ తర్వాత నవ్వే పని లేకుండా పోయింది. బావిలో దిగుతుంటే మోకాళ్లు మడతపడ్డాయి. హైదరాబాదు పెద్దాసుపత్రిలో నోరు తిరగని పేరు చెప్పారు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అని. నరాల మీద పొర ఊడిపోతోందన్నారు. తలకు పెట్టుకునే లైటు తీగకు రబ్బరు గీసుకుపోతే వెలుగు మినుకుమినుకుమంటుంది కదా, అలా అని నాకు నేను అర్థం చేసుకున్నాను. పోగొట్టే మందు లేదు, విశ్రాంతి తీసుకోమన్నారు.

విశ్రాంతి! అయ్యో సహోదరులారా, మన సంఘంవాళ్ల ప్రేమ అంతా ఇంతా కాదు! నన్ను నీళ్ల గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు. ఒకరు అన్నం తెస్తే ఒకరు దిండు సర్దేవారు, ఆదివారం కుర్చీలో కూర్చోబెట్టి గుడికి మోసుకుపోయేవారు. టబ్బులు నింపినవాణ్ణి పసిపిల్లాడిలా మోస్తుంటే ఓర్చుకోలేకపోయాను. గుడి మానేశాను. పాట వినిపిస్తే దుప్పటి ముసుగేసుకునేవాణ్ణి. "ప్రభువా, నేను ఎవరికీ పనికిరాను, నన్ను తీసుకుపో," ఇదే నా ప్రార్థన, దేవుణ్ణి నేను అడిగింది అదొక్కటే.

మధ్యలో ఇక్కడి దవాఖానలో డాక్టరు, రోజంతా పడుకోవద్దు, కొంచెం నడువు అన్నాడు. నేను ఫిల్లర్‌ని కదా, మాకు చెమట కారితేనే పని చేసినట్టు, లేకపోతే దొంగ డ్యూటీ! ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, కర్ర తీసుకుని బసంత్‌నగర్ రోడ్డు పట్టాను. చొక్కా తడిసేదాకా ఆగకూడదని పంతం. చొక్కా తడిసింది, కళ్లు మసకలు కమ్మాయి, కాళ్లు రెండూ చచ్చుబడి రోడ్డు పక్కన పడిపోయాను, సిమెంటు లారీవాళ్లు ఎక్కించుకుని ఇంట్లో దించారు. సాయంత్రం చల్లబడ్డాక చూపు తిరిగి వచ్చిందనుకోండి. సారమ్మ వెళ్లి అడిగితే డాక్టరు తల పట్టుకుని, ఈ రోగానికి ఒంట్లో వేడి పెరిగితే లక్షణాలు పెరుగుతాయి, చల్లని పూట, చెమట పట్టకముందే ఆగుతూ నడవాలి అన్నాడట. చెమట పట్టని నడక ఒక నడకా అని గోడవైపు తిరిగి పడుకున్నాను.

అప్పుడు వంటగదిలోంచి సారమ్మ ప్రార్థన వినబడింది. "ప్రభువా, ఆయన కాళ్లు ఇయ్యకున్నా మంచిదే, నేను పట్టుకుంట. ఆయన నవ్వు నాకు మళ్ల ఇయ్యి తండ్రీ." నేను చావు అడుగుతున్న ఇంట్లోనే ఆమె నా నవ్వు అడుగుతోంది! ఎవరి ప్రార్థన విన్నాడో ఇక వినండి.

కొద్దిరోజులకు, తెల్లవారుతుండగా, నైట్ షిఫ్టు దిగిన మల్లయ్య ఆ నల్ల ముఖంతోనే మా వాకిట్లో నిలబడ్డాడు. డాక్టరు మాట సారమ్మ ఆయన చెవిన వేసింది.

"బావా, నీ జోడీ వచ్చిండు. లే."

"పో బావా, నీకు పని లేదా? పోయి పండుకో," అని కసిరాను.

"నువ్వు రాకుంట నేనెట్ల మొదలుపెడ్త? గిదే కదా మన కాయిదా," అని వాకిట్లో మట్టిలో చతికిలబడ్డాడు. రాత్రంతా పనిచేసిన మనిషి, కళ్లు మూతలు పడుతున్నాయి, కదలడు! తిట్టాను, బతిమాలాను. చివరికి ఆయన నిద్ర పాడవుతుందని లేచాను. సహోదరులారా, ఎవరికీ పనికిరాననుకున్నవాణ్ణి ఆ రోజు ఇంకొకడి కోసం లేచాను!

వీధి చివర నల్లా దాకా వెళ్లాం. అంతలోనే ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "ఇగ చెమటొస్తది, కూసో బావా," అన్నాడు, తనూ కూర్చున్నాడు. కలిసి లేచాం. అలా మొదలైంది. షిఫ్టు మారినా ఆయన రావడం మానలేదు. ముందు నాకు ఆకలి తెలిసింది. ఆ తర్వాత పొయ్యిల పొగ వాసన మళ్లీ ఇంపుగా తోచింది, గోదావరి వైపు నుంచి వచ్చే గాలి ఒంటికి తగిలింది. కాళ్లలో బలం పెద్దగా పెరగలేదు, కాని గుండె మీది బండ మాత్రం జరిగింది. నడవని రోజు అది మళ్లీ వచ్చి కూర్చునేది, నడిస్తే లేచిపోయేది, ఇది నేను ఒంటితో తెలుసుకున్న సంగతి.

ఒకరోజు తిరిగి వచ్చేసరికి సారమ్మ నా కాళ్ల వైపే చూస్తోంది. ఒంటి చెప్పే ఉంది! రెండోది మల్లయ్య చేతిలో. "నీకు ఎప్పుడు ఎరుకైతదో చూద్దామని మోసుకొస్తున్న బావా, నీకసలు సోయి లేదు," అన్నాడు. నాకు నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో, కర్ర వదిలేసి గోడ పట్టుకుని నవ్వాను, పక్కింటివాళ్లు తొంగి చూశారు. సారమ్మ మాత్రం కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. ఆ ఆదివారం మల్లయ్య గుడి మెట్ల దాకా తోడు వచ్చాడు, లోపల నేను కంజీర అడిగి తీసుకున్నాను. దేవునికే మహిమ!

తర్వాత మల్లయ్యకు బెల్లంపల్లి వైపు బావికి బదిలీ అయింది. బస్సెక్కుతూ నా ముఖం చూడలేకపోయాడు. మర్నాడు తెల్లవారింది, సైరన్ కూసింది, వాకిట్లోంచి పిలుపు లేదు. మంచం మీదే ఉండిపోయాను. ఆ పాత చీకటి మళ్లీ మీదికి వస్తుంటే భయమేసింది, నిజంగా భయమేసింది. ప్రార్థించాను. "ప్రభువా, ఇయ్యాల్టి నుంచి నా జోడీవి నువ్వే. నేను ఆగితే నువ్వూ ఆగాలె, నేను కూసుంటే నువ్వూ కూసోవాలె." ఆ మాట అంటుండగా నాకు అర్థమైంది, ఇన్నాళ్లూ మల్లయ్యను వాకిట్లో కూర్చోబెట్టింది ఎవరో! కర్ర అందుకున్నాను. లేచాను.

మీ వీధిలో మంచం పట్టినవాళ్లుంటే అన్నం తీసుకువెళ్లండి, మంచిదే, కాని వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలవండి కూడా. ఇక్కడే మనసులో మంచం పట్టి కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉంటే, అయ్యా, అమ్మా, మీకు ఒకటే చెబుతాను. పెద్ద విశ్వాసం కావాలని, చెమటోడ్చాలని ప్రభువు అడగడు. ఆయన మీ వాకిట్లో మట్టిలో కూర్చుని ఉన్నాడు. మీరు లేవకుండా ఆయన మొదలుపెట్టడు.