చలి వెయ్యని ఒరెస్ట్

ఒరెస్ట్ బిలిన్‌స్కీకి చలి వెయ్యదు. వేసినా ఒప్పుకోడు. అరవై ఏడేళ్ళుగా కెనడాలోని సస్కాచెవాన్‌లో ఉంటూ, ఉమ్మితే నేల మీద పడేలోగా గడ్డకట్టే చోట, ఒక్కసారైనా "చలి" అన్న పాపాన పోలేదు. మైనస్ ముప్ఫై నాలుగులో, కనుబొమల నిండా మంచు పేరుకుని, "గాలి కాస్త తాజాగా ఉంది," అంటాడు.

అలాంటి మనిషికి మంచాలూ వంటగదీ ఉన్న ట్రైలర్ బండి కూడా ఉంటే ఇంకేముంది! లోకమంతా అక్టోబరులోనే వాటికి ముసుగేసి మూల పెడుతుంది. ఒరెస్ట్ జనవరిలో ట్రక్కుకి తగిలిస్తాడు. భార్య వెర్నా కర్లింగ్ జట్టుకి నాయకురాలు. మంచు మీద బరువైన రాయిని జారవిడిచే ఆట అది. చలికాలమంతా ఊరూరా పోటీలే. హోటలంటే ఒరెస్ట్‌కి ఒళ్ళు మంట.

"ఇల్లు వెంట ఉండగా ఇంకొకరి మంచమెందుకే?"

"ఆ ఇంట్లో టూత్‌పేస్టు గడ్డకట్టింది, ఒరెస్టూ!"

"మంచిదేగా, పాడవదు."

ఒకసారి నీళ్ళ గొట్టం గడ్డకట్టింది. వెర్నా జుట్టు ఆరబెట్టుకునే మిషన్ పట్టుకుని గంటన్నర దాని పక్కనే కూర్చున్నాడు. దారినపోయే పెద్దమనిషి ఆగి, "సాయం కావాలా?" అన్నాడు.

"అక్కర్లేదు. సాయంత్రం దీన్ని డాన్సుకి తీసుకెళ్తున్నా."

పైగా తన గ్లవ్స్ తీసి ఆయనకిచ్చాడు, చెమటలు పడుతున్నాయని.

ఈ ఏడు మాత్రం వెర్నాకి నవ్వు రాలేదు. రాయి వదలాలంటే మోకాలు దాదాపు మంచుకి ఆనేంత కిందికి వంగి జారాలి. పోయినేడు ఫైనల్లో వంగింది, లేవలేకపోయింది. ఈసారీ అంతే అయితే నలభై ఏళ్ళ ఆట మానేస్తానని జట్టులో ఉన్న ఫెర్న్‌తో చెప్పేసింది.

"ఆ మోకాళ్ళతో ఆ రేకు డబ్బాలో పడుకుంటావా? నా హోటల్ గదికి వచ్చెయ్," అంది ఫెర్న్.

"ఒక రాత్రి ట్రైలర్‌లోనే పడుకుని చూస్తానే."

చిత్రంగా, ఆమె మంచం వెచ్చగా ఉంది. పోటీ జరిగిన మూడు రోజులూ మోకాళ్ళు చెప్పినట్టు విన్నాయి. జట్టు ఫైనల్‌కి వచ్చేసింది.

ఆదివారం పొద్దున ఒరెస్ట్ బయట ట్రక్కు వేడి చేస్తున్నాడు. కనపడని మఫ్లర్ కోసం వెర్నా అటు కొసనున్న అతని మంచం దగ్గరికెళ్ళి దిండు ఎత్తబోయింది. రాలేదు. మంచు పట్టిన గోడకి అతుక్కుపోయింది. వంగి చూస్తే, మంచం కింద వేడిగాలి వచ్చే కన్నానికి మూడు వరసల టేపు! వంటగది కన్నానికీ టేపే. హీటర్ వేడంతా వెర్నా మంచం కిందికే వస్తోంది.

"ఒరెస్ట్! ఇదేమిటి?"

తలుపులోంచి తల పెట్టాడు. మీసాలకి మంచు ముక్కలు వేలాడుతున్నాయి.

"టేపు."

"నీకు చలి వెయ్యలేదూ?"

"చలా? కాస్త తాజాగా ఉందంతే. పద, టైమైంది."

వెర్నా దిండు పీకి అతని మీదికి విసిరింది. అది చెక్కలా టక్కుమంది.

ఆఖరి రాయి వెర్నాదే. మోకాలు హాయిగా వంగింది. రాయి వెళ్ళి గురి వలయం నడిమధ్య నిలిచింది. వెర్నా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది.

రాత్రి పడుకునే ముందు ఆమె అతని మంచం కింది కన్నం టేపు ఊడబీకి తన మంచం కింది కన్నానికి వేసింది.

"మరి నువ్వు?" అన్నాడు ఒరెస్ట్.

"నాకు ఉక్కపోస్తోంది," అంది వెర్నా, రెండు స్వెట్టర్లలో పళ్ళు టకటకలాడుతుండగా. "గాలి కాస్త తాజాగా ఉంటేనే నిద్ర పడుతుంది."

ఒరెస్ట్ పక్కకి జరిగి దుప్పటి ఎత్తాడు.

"వెర్నా, ఇలా రావే. నాకు చలేస్తోంది."

అరవై ఏడేళ్ళలో మొదటిసారి ఆ మాట అన్నాడు. అప్పుడతని నుదుటి నిండా చెమట.