ఎండలో ఆరబోసిన పొడి

కోదాడ కాలేజీలో గౌరీబాయి కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటర్. తుంగతుర్తి పక్క తండాలో పుట్టింది, సూర్యాపేటలో చదువుకుంది. పదేళ్లుగా ఆమెకు ఒకటే కోరిక. కొన్ని గంధకపు అణువులు ఉంగరంలా ముడుచుకుని ఉంటాయి. వెలుగు తగలగానే ఆ ఉంగరం తెగి విచ్చుకుంటుంది. కంటిరెప్ప పాటు కూడా దాని ముందు ఒక యుగం. ఆ తెగే క్షణాన్ని చూడాలి. అందుకోసం హైదరాబాదుకు ఉత్తరాలు రాస్తూనే ఉంది.

"ఉంగురం తెగితే అవుసలాయన కాడికి పోవాలె గని, హైదరాబాదు ఎందుకు మేడం?" అని నవ్వేది ల్యాబు ఊడ్చే యాదమ్మ.

1993లో ఉత్తరం వచ్చింది. అంత చిన్న క్షణాలను పట్టే లేజరు హైదరాబాదులో ఉంది. వచ్చే సోమవారం ఒక్కరోజు ఆమెకిస్తారు, ఆ అణువుల పొడి ఆమే తెచ్చుకోవాలి.

ఆ పసుపు రంగు పొడిని గౌరీబాయి రెండేళ్లు సెలవు దినాల్లో కూర్చుని తయారు చేసుకుంది. సీసాకు నల్ల కాగితం చుట్టి బీరువాలో పెట్టింది. శుక్రవారం తండాకు వెళుతూ, "జర తడి తగలనియ్యకు యాదమ్మా" అంది. నల్ల కాగితం ఎందుకో చెప్పలేదు. అది చెప్పాల్సిన మాట అని తోచలేదు.

శనివారం పొద్దున వానకు కప్పు కారింది. బీరువాలోకి నీళ్లు కారి సీసాలోకి చెమ్మ దిగింది. యాదమ్మ పెళ్లికి ముందు మిర్యాలగూడ రైసు మిల్లులో వడ్లు ఆరబోసిన మనిషి. తడిసిన దాన్ని ఏం చేయాలో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఎండ కాయగానే పొడిని డాబా మీద పేపరు పరిచి ఆరబోసింది.

ఆదివారం గౌరీబాయి వచ్చి చూస్తే పేపరు మీద పొడి లేదు. జిగట బంక ఉంది. వేలితో తీస్తే తీగలా సాగింది. ఉంగరాలన్నీ ఎండకే తెగి ఒకదానికొకటి అతుక్కున్నాయి.

"ఎంతసేపు పెట్టినవ్?"

"పొద్దుగూకే దాంక. కాకులు రాకుంట పక్కనే కూసున్న."

"దాన్నే సూసినవా?"

"కండ్లార్పకుంట సూసిన మేడం. ఏం గాలె. ఊకెనే ఉండె. ఇగ సూస్తె గిట్లయింది."

గౌరీబాయి తిట్టలేదు. "మళ్ల చెప్పు, మొదటి నుంచి" అంది. ఎండ ఎటు నుంచి పడ్డదో కూడా అడిగింది.

సోమవారం ఉత్త చేతులతో బస్సెక్కింది.

"పొడే లేదు గద, ఎందుకు పోతున్నవ్?" అంది యాదమ్మ.

"ఆ ఎలుగునన్న సూసొస్త."

అక్కడ చీకటి గదిలో గోడ మీద ఆకుపచ్చ చుక్క చూపించారు. సెకనుకు కోట్లసార్లు ఆగి ఆగి వచ్చే వెలుగట అది. తర్వాతి వంతు వాళ్లు తలుపు దగ్గరికి వచ్చి నిలబడే దాకా ఆమె దాన్నే చూసింది. ఒక్కసారీ ఆగినట్టు కనబడలేదు.