దోనె తగిలిన చోటు

మంగళవారం వస్తోందంటే సోమవారం సాయంత్రం నుంచే నాకు ఒళ్ళు బరువెక్కుతుంది. పొద్దున్నే తిరుత్తణిలో లోకల్ రైలు ఎక్కాలి. అరక్కోణంలో ఎవరైనా దిగితే సీటు, లేకపోతే తిరువళ్ళూరు దాకా నిలబడే ప్రయాణం. అక్కడ దిగి షేర్ ఆటోలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే ఆసుపత్రి వస్తుంది. రొమ్ములో గడ్డలతో వచ్చే ఆడవాళ్ళను కూర్చోబెట్టే వరండాలో, గోడ పక్క బల్ల మీద నేనూ కూర్చుంటాను. నాకక్కడ ఉద్యోగం లేదు, మెడలో కార్డు లేదు. ఆరేళ్ళ క్రితం నాకూ ఆ జబ్బే వచ్చి ఎడమ రొమ్ము తీసేశారు. నా అర్హత అంతే.

నేను చేసేది పెద్ద పనేమీ కాదు. ఏ కాగితం ఏ గదిలో ఇవ్వాలో చెబుతాను. స్కానుకు పొమ్మంటే ఇంటికి పోయేవాళ్ళను గేటు దగ్గర పట్టుకుని వెనక్కి తెస్తాను. డాక్టరమ్మ చెప్పినదానికల్లా తలూపి, బయటికి వచ్చాక "ఆయమ్మ ఏం చెప్పింది?" అని నన్నడిగేవాళ్ళను మళ్ళీ లోపలికి తోస్తాను. మా నేత వీధుల తెలుగువాళ్ళకు తమిళం రాక కాదు. తెలుగెంత వచ్చో తమిళమూ అంతే వచ్చు. డాక్టరు ముందు నోరు పెగలదు, అదీ సంగతి. దీన్ని సేవ అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. సేవ చేసే మనిషి ముఖంలో చిరునవ్వు ఉండాలట. నాకు నడుంనొప్పి ఉంది.

మాది నేతవాళ్ళ వీధి. ఇంటింటా గుంట మగ్గం. గుంటలోకి కాళ్ళు దించి కూర్చుంటే, నేసిన బట్ట చుట్టుకునే గుండ్రటి కర్ర మన ఒళ్ళోకి వచ్చినట్టు అడ్డంగా ఉంటుంది. దాన్ని దోనె అంటాం. పోగు తెగినప్పుడల్లా అతకడానికి ముందుకు వంగాలి. వంగినప్పుడల్లా రొమ్ము ఆ కర్రకు ఒత్తుకుంటుంది. పదేళ్ళ వయసు నుంచి నేసేవాళ్ళకు అక్కడ నొప్పి ఉండడం వింతేమీ కాదు. అమ్మకు ఉండేది, అవ్వకు ఉండేది. ఆముదం కాచి పసుపు కలిపి రాసుకుంటే రెండు రోజుల్లో తగ్గేది.

నేనూ అదే చేశాను. చేతికి గట్టిగా తగులుతుంటే దోనె తగిలి రక్తం గడ్డకట్టిందనుకున్నాను. ఎనిమిది నెలలు ఆముదం రాశాను. చివరికి చర్మం లోపలికి లాక్కుపోయినట్టు అయినప్పుడు గానీ బస్సెక్కలేదు. అప్పటికి చంకలోకి కూడా పాకింది. రొమ్ముతో పాటు చంకలోని గడ్డలూ తీసేశారు కాబట్టి ఈ ఎడమచెయ్యి ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి వాచిపోతుంది. పోగును అటూ ఇటూ లాక్కుపోయే నాడె విసరడం మానుకొమ్మన్నారు. ఆ ఎనిమిది నెలలు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది, ఇప్పటికీ.

ఊళ్ళకు వచ్చే వైద్య శిబిరాల్లో నర్సులు ఒక ఫారం పట్టుకుని ఆడవాళ్ళను వరసగా అడుగుతారు. "కట్టి ఇరుక్కా?" గడ్డ ఉందా అని. మావాళ్ళంతా "ఇల్లై", లేదు అని ముందుకు పోతారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళ లెక్కలో అది గడ్డ కాదు, దోనె తగిలిన చోటు. మూడు శిబిరాలు పక్కన నిలబడి చూశాక నాకు ఆ సంగతి తెలిసింది. అడగాల్సింది అలా కాదని ఆసుపత్రిలో నర్సుకు చెప్పాను. ఫారం పైనుంచి వస్తుందక్కా, నేనేం చేసేది అంది. పైన అంటే ఎవరని అడిగితే పక్క గది చూపించింది. పక్క గదివాళ్ళు మేడ మీది గది చూపించారు. మేడ మీది గదిలో సారు మీటింగులో ఉన్నాడు. ఆ సారు ఏడాదికి పైగా మీటింగులోనే ఉన్నాడు.

నేను మంగళవారం మంగళవారం ఆ మెట్లెక్కాను. తమిళంలో అర్జీ రాసిచ్చాను. అది పోయిందన్నారు, ఇంకొకటి రాసిచ్చాను. చివరికి ఒక రోజు ఓపీ అయిపోయాక, డాక్టరమ్మ టీ తాగుతుంటే ఎదురుగా కూర్చుని, బల్ల అంచును దోనె అనుకోమని చెప్పి వంగి చూపించాను. ఆమె గ్లాసు పక్కన పెట్టి తనూ వంగి చూసింది. తరవాత పెన్ను తీసి ఫారం కింద ఖాళీలో ఒక వాక్యం రాసింది. మగ్గంలో వంగినప్పుడు కర్ర తగిలి నొప్పెట్టే చోటు ఉందా, అక్కడ చేతికి గట్టిగా తగులుతుందా అని. ఆ కాగితాన్నే జెరాక్సు తీయించి నర్సులకు ఇచ్చింది. ఆ ఒక్క వాక్యం కోసం నా రెండు జతల చెప్పులు అరిగాయి.

తరవాతి శిబిరం మా ఊళ్ళోనే, కల్యాణ మండపంలో పెట్టారు. కొత్త ప్రశ్న వినగానే వరసలో మొదటి ఆమె నవ్వేసింది. "ఆ నొప్పి లేకుండా మగ్గం నేసేదెవరమ్మా?" అంది. అంటూనే చెయ్యి రొమ్ము మీద పెట్టుకుంది. నర్సు ఆమెను తెర వెనక్కి తీసుకుపోయి చూసి, ఏమీ లేదని పంపింది. అలా ఒక్కొక్కరూ పోయి వచ్చారు. ఏడో మనిషి తెర వెనక చాలాసేపు ఉండిపోయింది. ఆమె మా వదిన.

మా అన్న ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడ. నాకు జబ్బు చేసినప్పుడు ఆరు నెలలు గంజి కాచి పోసింది వదినే. వారంలో సూది పరీక్ష అయింది, రిపోర్టు వచ్చింది. జబ్బే. ముందు సెలైన్‌లో మందు ఎక్కించి గడ్డను తగ్గించాలి, ఆ తరవాత ఆపరేషన్, వచ్చే గురువారమే మొదలుపెట్టాలి, ఇప్పటికే ఆలస్యమైంది అంది డాక్టరమ్మ. ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగితే వదిన రెండు మూడు నెలలని చెప్పింది. అన్నిటికీ తలూపింది. వరండాలోకి రాగానే నా చెయ్యి పట్టుకుంది.

"పడుగు దిగనీ పాపా. ఇంగ రెండున్నర చీరలే ఉండాది. నెల దినాలు. అది దించేసి వస్తాను."

ఇది బయటివాళ్ళకు పిచ్చిగా తోస్తుంది. మా ఇళ్ళల్లో మగ్గానికి పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించిన మనిషే దాన్ని చివరిదాకా నేసి దించాలి. మధ్యలో చెయ్యి మారితే దెబ్బ మారుతుంది, నేత ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా వస్తుంది. చూసేవాళ్ళకు బట్ట మీద గీతలా తెలిసిపోతుంది. ఆ పడుగు పెళ్ళి పట్టుది. పురిటికి తప్ప మరి దేనికీ మావాళ్ళు పడుగును సగంలో వదిలి లేవరు. చావింటికి పోయినా తలకు పోసుకుని వచ్చి మళ్ళీ గుంటలో దిగుతారు. నేనూ నా ఎనిమిది నెలల్లో రెండు పడుగులు దించాను.

"నెల పోతే నీ ప్రాణం పోతుంది, అప్పుడు ఆ పడుగు ఎవురు దించేది?" అని ఆసుపత్రిలోనే అరిచాను. ఆడవాళ్ళంతా మావైపు తిరిగారు. అరిచినందుకు వెంటనే బాధపడ్డాను. వదిన మాత్రం కోప్పడలేదు. ఇంటికి పోయి గుంటలో దిగి కూర్చుంది.

వదినకు పడుగు ఇచ్చి కూలికి నేయించుకునే యజమాని ఇంటికి పోయాను. మంచి మనిషే. పడక కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. విషయం చెబితే నిజంగానే అయ్యో అన్నాడు. కానీ చెయ్యి మారుస్తామంటే ఒప్పుకోలేదు. "గీత పడిన చీరను అంగడివాడు తీసుకోడమ్మా. నీకు ఒప్పుకుంటే రేపు వీదంతా వస్తారు" అన్నాడు.

"రావాలనే గదా నేను చెప్పేది" అన్నాను.

ఆ రోజు పొమ్మన్నాడు. మర్నాడు పోయాను, పూజలో ఉన్నాడన్నారు. అరుగు మీద కూర్చున్నాను. మూడో రోజు వాచిన చేతిని ఆయన ముందు పెట్టి, నేను దించిన రెండు పడుగుల ఫలితం ఇది అయ్యా అన్నాను. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. అంత అలిసిపోయి ఉన్నాను. ఆయన చాలాసేపు నా చేతినే చూశాడు. "ఆసుపత్రి చీటీ తెచ్చినవాళ్ళకు చెయ్యి మార్చుకోవచ్చు. అంగడివాడితో నేను మాట్లాడుకుంటాను. అందరికీ చెప్పు" అన్నాడు. గెలిచానన్న సంతోషం కూడా కలగలేదు. ఇంటికి పోయి పడుకోవాలనిపించింది.

బుధవారం సాయంత్రం అన్న తన మగ్గం ఆపి, వదిన గుంటలోకి దిగాడు. వదిన పక్కన నిలబడి, మెల్లగా కొట్టు, నీ చెయ్యి బరువు అని నాలుగైదు సార్లు చెప్పింది. అన్న వేసిన మొదటి వరసలు వేలితో తడిమి చూసి ముఖం తిప్పుకుంది.

గురువారం మందు ఎక్కించే గదిలో వదినకు కిటికీ పక్క మంచం ఇచ్చారు. సూది గుచ్చాక నర్సు ఇంకో కాగితం తీసి, గడ్డ ఎప్పటినుంచి ఉందని మళ్ళీ అడిగింది. వదిన సెలైన్ బాటిలు వైపు చూసింది.

"రెండు ఆడి కృత్తికలు పోయింది" అంది.

నర్సు రాసుకుని వెళ్ళిపోయింది. తిరుత్తణి కొండ మీద ఆడి కృత్తిక పండగ ఏడాదికి ఒక్కసారే. రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ నేను ఊరూరా తిరిగి ఆడవాళ్ళను అడిగాను, మెట్లెక్కాను, అర్జీలు రాశాను.

"రెండేండ్లా? నాతో ఒక్క మాట చెప్పకూడదా వదినా?"

"యాడ దొరికితివి నువ్వు?" అంది. గొంతులో నిష్ఠూరం లేదు, మామూలుగానే చెప్పింది. "ఇంటికి వస్తానే చెప్పులు మూలకు పారేసి పండుకుంటావు. ఎవురో ఒకరి కత చెప్పి ఏడుస్తావు. ఇంత అలిసిపోయి వచ్చిన మనిషికి ఇంగ నాది గూడా ఏమిటికని సుమ్మా నోరు మూసుకోని ఉంటిని. అడుగుతావేమో అని శాన్నాళ్ళు చూసినాను పాపా."

నేను అడగలేదు. గోడకు ఆవల ముప్ఫై ఏళ్ళుగా మగ్గం నేస్తున్న మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు. నాకు గంజి కాచి పోసిన మనిషి కాబట్టి ఆమె బాగానే ఉందనుకున్నాను. సిగ్గేసింది. క్షమించు అనడం మా ఇళ్ళల్లో అలవాటు లేదు, అందుకే అది కూడా నోటికి రాలేదు.

మందు చుక్క చుక్కగా దిగుతోంది. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నీళ్ళు తాగించాను.

"ఇప్పుడు నొప్పిగా ఉందా వదినా?" అని అడిగాను.

అలవాటుగా లేదని తలూపబోయి ఆగింది.

"ఉండాది పాపా. శానా ఉండాది."

స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. అప్పుడు మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.